స్టెరాయిడ్ ఎవరికి, ఏ రోజున?

డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ సీసా బొటనవేలి అంత కూడా ఉండదు. లోపల 2 మిల్లీలీటర్ల మందు, నీళ్లలా తేటగా ఉంటుంది. మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున సీసా మొత్తం 8 మిల్లీగ్రాములు. ధర కొద్ది రూపాయలే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ సీసా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి పెద్దాసుపత్రి ఐసీయూలో, వెంటిలేటర్ పక్కనున్న ట్రేలో. రెండోది బండి మీద ఊళ్లు తిరిగే ఆరెంపీ సంచిలో, జ్వరం ఇంజెక్షన్ పక్కన. మొదటి చోట అది ప్రాణం నిలబెట్టే మందు. రెండో చోట, జ్వరం మొదలైన రెండో రోజునే ఒంట్లోకి వెళ్తే, అదే మందు రోగిని చిక్కుల్లో పడేస్తుంది. మందు ఒకటే, మోతాదులో కూడా పెద్ద తేడా ఉండదు. తేడా అంతా కోవిడ్ జబ్బు ఎన్నో రోజున ఉంది, ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉంది అన్న దాంట్లోనే.

వైరస్ వల్ల ఊపిరితిత్తులకు నెమ్ము (న్యుమోనియా) చేసి ఆస్పత్రిలో చేరినవాళ్లకు స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది వైద్యుల మధ్య చాలా కాలం తేలని విషయం. 2003లో సార్స్ అనే వైరస్ జబ్బు వచ్చినప్పుడు చైనా, హాంకాంగ్‌లలో స్టెరాయిడ్లు భారీగా వాడారు. బతికి బయటపడ్డవాళ్లలో కొందరికి తర్వాత తుంటి ఎముకకు రక్తం అందక, ఎముక చచ్చుబడి, నడవలేని పరిస్థితి వచ్చింది. స్టెరాయిడ్ వాడితే ఒంట్లోంచి వైరస్ పోవడం ఆలస్యమవుతుందన్న అనుమానం కూడా ఉండేది. అందుకే 2020 జనవరిలో కొత్త కరోనా వైరస్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మొదటి సూచనల్లో, అందరికీ మామూలుగా స్టెరాయిడ్ ఇవ్వొద్దనే ఉంది. ఆ రోజుకు చేతిలో ఉన్న ఆధారాలను బట్టి అది సరైన జాగ్రత్తే.

ఆ జాగ్రత్తను మార్చింది రికవరీ అనే మందుల పరీక్ష (ట్రయల్). ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే 2020 మార్చిలో దీన్ని మొదలుపెట్టారు. బ్రిటన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేరిన కోవిడ్ రోగుల్లో ఎవరికి ఏ మందు అన్నది చీటీ తీసినట్టుగా కంప్యూటర్ నిర్ణయించింది. 2,104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, 10 రోజులకు మించకుండా ఇచ్చారు. 4,321 మందికి మామూలు వైద్యం మాత్రమే అందింది. 28 రోజులు గడిచాక ఎంతమంది మిగిలారో లెక్క చూశారు. 2020 జూన్ 16న ఫలితం ప్రకటించారు.

ఆ ఫలితాన్ని ఒక్క అంకెగా చెప్పుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. రోగులను మూడు గుంపులుగా చూడాలి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మామూలు వైద్యం పొందినవాళ్లు 41.4 శాతం చనిపోతే, డెక్సామెథాసోన్ పొందినవాళ్లలో అది 29.3 శాతం. అంటే వెంటిలేటర్ మీదున్న ప్రతి ఎనిమిది మందికి ఈ చవక మందు ఇస్తే, పోవాల్సిన ఒక ప్రాణం నిలబడింది. వెంటిలేటర్ దాకా వెళ్లకుండా ఆక్సిజన్ మీద మాత్రమే ఉన్నవాళ్లలో మరణాలు 26.2 శాతం నుంచి 23.3 శాతానికి తగ్గాయి. మేలు చిన్నదే, కానీ ఆ గుంపులో మనుషులు ఎక్కువ. ఇక మూడో గుంపు, ఆస్పత్రిలో చేరినా ఆక్సిజన్ అవసరం పడనివాళ్లు. వాళ్లలో మామూలు వైద్యంతో 14 శాతం చనిపోతే, స్టెరాయిడ్ పడినవాళ్లలో 17.8 శాతం చనిపోయారు. ఈ చివరి తేడా యాదృచ్ఛికంగా వచ్చిందేమో అనడానికి లెక్కల్లో కొంత చోటుంది. మేలు మాత్రం కనిపించలేదు, కీడు జరిగిందేమోనన్న అనుమానం గట్టిగానే మిగిలింది.

ఒకే మందు, ఒకే మోతాదు, మూడు రకాల ఫలితాలు. ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే జబ్బు నడక తెలియాలి. మొదటి వారం వైరస్‌ది. అది ముక్కులో, గొంతులో, తర్వాత ఊపిరితిత్తుల్లో పిల్లలు పెడుతూ పోతుంది. ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని పట్టుకుని చంపే పనిలో ఉంటాయి. ఆ రోజుల్లో స్టెరాయిడ్ ఇస్తే పని చేస్తున్న కాపలావాళ్ల చేతులు కట్టేసినట్టే. ఎక్కువమందికి అక్కడితోనే జబ్బు తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం ఏడెనిమిదో రోజు దగ్గర కథ మారుతుంది. వైరస్ తగ్గుముఖం పడుతున్నా రక్షణ కణాలు ఆగవు. వాటి నుంచి వెలువడే రసాయనాల వల్ల ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల గోడలు వదులై, గాలి ఉండాల్సిన గదుల్లోకి నీరు ఊరుతుంది. గాలి గది నీటితో నిండితే అక్కడ ఎంత ఊపిరి పీల్చినా ఆక్సిజన్ రక్తంలోకి దాటదు. అప్పటినుంచి మనిషిని చంపేది వైరస్ కంటే ఈ వాపే. స్టెరాయిడ్ కణం లోపలికి వెళ్లి, ఆ వాపు రసాయనాలను తయారుచేసే జన్యువుల పని తగ్గిస్తుంది. మంట రేగాకే నీళ్లు పనికొస్తాయి. రికవరీలో కూడా లక్షణాలు మొదలై ఏడు రోజులు దాటినవాళ్లలోనే ఎక్కువ మేలు కనిపించింది.

ఈ రెండు జిల్లాలకు సంబంధించి ఒక విషయం గుర్తుచేసుకోవాలి. 2020 ఏప్రిల్ నెలాఖరు దాకా విజయనగరం జిల్లాలో ఒక్క కోవిడ్ కేసు కూడా నమోదు కాలేదు. శ్రీకాకుళంలో మొదటి కేసులు బయటపడిందే ఏప్రిల్ చివర్లో. గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకుపోయిన మత్స్యకారులు బస్సుల్లో ఇళ్లకు చేరుతున్న రోజులవి. కేసులు బాగా పెరిగింది జూలై, ఆగస్టు నెలల్లో. అప్పటికే జవాబు తెలిసిపోయింది. జూన్ 27న కేంద్ర ఆరోగ్య శాఖ తన చికిత్సా విధానంలో డెక్సామెథాసోన్‌ను చేర్చింది. సెప్టెంబరు 2న ప్రపంచ ఆరోగ్య సంస్థ, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు ఇవ్వాలని గట్టిగా, తీవ్రత లేనివాళ్లకు ఇవ్వొద్దని కొంచెం మెత్తగా చెప్పింది. మందు కోసం ఎక్కడికీ పరుగెత్తాల్సిన పని లేదు. రెమ్‌డెసివిర్ కోసం 2021 వేసవిలో కుటుంబాలు పడ్డ అగచాట్లు అందరికీ గుర్తే. ప్రాణం నిలబెడుతుందని గట్టిగా రుజువైన మందు మాత్రం ఊరి మెడికల్ షాపులోనే ఉంది. అంత చేరువలో ఉండటమే ఇంకో సమస్యకు దారి తీసింది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో జ్వరం కాస్తే మొదట గుర్తొచ్చేది సూదే. మాత్ర మింగి ఇంట్లో పడుకుంటే వైద్యం చేయించుకున్నట్టు అనిపించదు. పొలం పని, జీడి పని మానుకుని రెండు రోజులు పడుకునే స్తోమత అందరికీ ఉండదు కూడా. ఆ తొందరకు స్టెరాయిడ్ బాగా సరిపోతుంది. అది పడిన కొన్ని గంటల్లో జ్వరం దిగుతుంది, ఒళ్లు నొప్పులు పోతాయి, ఆకలేస్తుంది. ‘ఒక్క సూదికే తగ్గిపోనాది’ అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. లోపల జబ్బు మాత్రం తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది. జ్వరమే అసలు హెచ్చరిక, ఆ హెచ్చరిక ఆరిపోయింది. మనిషి మళ్లీ పనిలోకి వెళ్తాడు. ఆరో రోజో ఏడో రోజో ఆయాసం వచ్చి ఆస్పత్రికి చేరేటప్పటికి, ముందే గుర్తించాల్సిన రెండు రోజులు పోయి ఉంటాయి. వచ్చాక డాక్టర్ ‘ఇంతకుముందు ఏ సూది వేశారు?’ అని అడిగితే చెప్పడానికి చీటీ ఉండదు. ‘పవర్ సూది’ అనో ‘జ్వరం సూది’ అనో చెబుతారు. ఇందులో రోగి తప్పేమీ లేదు. ఏ మందు ఎక్కించారో కాగితం మీద రాసిచ్చే అలవాటు లేకపోవడమే తప్పు.

దీనికి ఎదురు తప్పు ఇంకోటి ఉంది, అది ఆస్పత్రి మంచం దగ్గర జరుగుతుంది. స్టెరాయిడ్ అంటే కండలు పెంచేవాళ్లు వాడే మందనో, ఎముకలు గుల్లచేసే విషమనో విన్న కుటుంబ సభ్యులు, రోగికి ఆక్సిజన్ పెట్టాక కూడా ‘అది మాత్రం వద్దు డాక్టరు గారూ’ అని బతిమాలుతారు. కండల కోసం వాడేవి వేరే జాతి స్టెరాయిడ్లు. డెక్సామెథాసోన్, మన మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్‌కు దగ్గరి చుట్టం. దాని బలం మాత్రం చాలా ఎక్కువ. 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ సుమారు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు, 32 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసోలోన్‌కు, 150 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌కు సమానం. వారం, పది రోజుల వాడకానికీ, నెలల తరబడి వాడకానికీ వచ్చే చెడు ఒకటి కాదు. ఆక్సిజన్ పెట్టిన రోగికి ఈ మందు ఆపించడం, జ్వరం వచ్చిన మర్నాడే వేయించడమంత ప్రమాదమే.

మరి ఆక్సిజన్ అవసరం పడిందని ఎలా తెలుస్తుంది? వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ చెప్పే శాచురేషనే, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతమే, ఇక్కడ గీటురాయి. కేంద్రం చికిత్సా విధానం ప్రకారం మామూలు గాలిలో 90 నుంచి 93 మధ్య ఉంటే మధ్యస్థ జబ్బు, 90 కంటే తగ్గితే తీవ్రమైన జబ్బు. ఊపిరి నిమిషానికి 24 సార్లు దాటినా లెక్కలోకే వస్తుంది. చెప్పడానికి సులువే. చూసేటప్పుడే తప్పులు జరుగుతాయి. గోరింటాకు దట్టంగా పండిన గోరు మీద, నెయిల్ పాలిష్ మీద, చల్లబడ్డ వేళ్ల మీద అంకె నికరంగా రాదు. చేతులు రుద్ది వెచ్చబరచి, రంగులేని వేలికి పెట్టి, అంకె కుదురుకునే దాకా అర నిమిషం, నిమిషం ఆగాలి. నల్లటి చర్మం మీద ఈ పరికరం ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపిస్తుందని 2020 చివర్లో అమెరికా ఆస్పత్రుల రికార్డుల్లో తేలింది. ఎండలో పనిచేసే మన జనానికి ఈ సంగతి పట్టేదే. 94 చూపించినా మనిషి ఆయాసపడుతుంటే ఆయాసాన్నే నమ్మాలి.

ఇంకో చిక్కు, కోవిడ్‌లో చాలామంది శాచురేషన్ పడిపోయినా మామూలుగా కూర్చుని మాట్లాడతారు. అలాంటివాళ్లను బయటపెట్టే పరీక్ష ఆరు నిమిషాల నడక. వరండాలో ఒక చివర నుంచి ఇంకో చివరకు, పక్కన ఒకరు తోడుండగా, వేలికి మీటర్ ఉంచి నడిపిస్తారు. కూర్చున్నప్పుడు 96 ఉన్న అంకె నడిచాక 92కు దిగిందంటే ఊపిరితిత్తుల్లో నిల్వ తగ్గిపోయిందని అర్థం. అప్పటికే ఆయాసంగా ఉన్నవాళ్లను నడిపించకూడదు. ఖర్చు లేని ఈ పరీక్ష ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరగదగ్గది. స్టెరాయిడ్‌ను ఇంట్లో మొదలుపెట్టే బదులు ఇంట్లో శాచురేషన్ చూసుకోవడం మొదలుపెడితే, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే. విశాఖలోని కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) ఇంకా దూరం. చాలామంది దగ్గరని ఒడిశాలోని బరంపురం వెళ్తారు. ఈ దూరాలున్న చోట డెక్సామెథాసోన్‌కు ఉన్న ఒక గుణం బాగా ఉపయోగపడుతుంది. దాని ప్రభావం ఒంట్లో ఒకటిన్నర రోజుకు పైగా ఉంటుంది కాబట్టి రోజుకు ఒక్కసారి ఇస్తే చాలు. ఆక్సిజన్ పెట్టక తప్పని రోగిని పెద్దాసుపత్రికి పంపేముందు సామాజిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరే మొదటి మోతాదు ఇచ్చి, సమయం రాసి పంపితే, ప్రయాణంలో, అడ్మిషన్ లైన్లో గడిచే గంటలు వృథా పోవు. సీసాలోని 2 మిల్లీలీటర్లలో ఒకటిన్నర మిల్లీలీటరు తీస్తే 6 మిల్లీగ్రాములు. నర దొరక్కపోతే మాత్రలైనా ఫర్వాలేదు. రికవరీలో నోటి ద్వారా కూడా ఇచ్చారు, పేగుల నుంచి అది బాగానే ఒంటికి పడుతుంది. అర మిల్లీగ్రాము మాత్రలే ఉంటే పన్నెండు. సూదికీ మాత్రకూ బలంలో తేడా లేదన్న మాట ఇక్కడి జనానికి గట్టిగా చెప్పాల్సి ఉంది.

రోగి కోలుకోకపోతే మోతాదు పెంచాలన్న ఆలోచన రావడం సహజం. 2021 వేసవిలో చాలా చోట్ల అలాగే పెంచారు కూడా. దీని మీద తర్వాత స్పష్టత వచ్చింది. 12 మిల్లీగ్రాములను 6తో పోల్చిన అధ్యయనం ఒకటి డెన్మార్క్, స్వీడన్, స్విట్జర్లాండ్‌లతో పాటు మన దేశంలోని ఆస్పత్రుల్లోనూ జరిగింది. 2021 అక్టోబరులో వచ్చిన ఆ ఫలితాల్లో 12 మిల్లీగ్రాములకు కచ్చితమైన అదనపు మేలు తేలలేదు. రికవరీ బృందం మొదట 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తర్వాత 10కి తగ్గించే పద్ధతిని కూడా పరీక్షించింది. మామూలు ఆక్సిజన్ మీదున్నవాళ్లు, అదీ లేనివాళ్లలో ఎక్కువ మోతాదు పొందినవాళ్లు 19 శాతం చనిపోతే, తక్కువ మోతాదు పొందినవాళ్లలో అది 12 శాతమే. 6 అన్న అంకెను డాక్టర్లు పట్టుదలగా పాటించాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

చక్కెర సంగతి వేరే చెప్పాలి. స్టెరాయిడ్ పడ్డాక కాలేయం ఎక్కువ గ్లూకోజ్ వదులుతుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినవు. షుగర్ లేని మనిషికి కూడా పెరుగుతుంది, ముందే ఉన్నవాళ్లకు కొండెక్కుతుంది. పొద్దున మందు ఇస్తే పెరుగుదల మధ్యాహ్నం భోజనం తర్వాత, సాయంత్రం ఎక్కువగా కనిపిస్తుంది. వార్డులో తెల్లవారుజామున పరగడుపు రక్తం ఒక్కటే చూసి ‘షుగర్ బాగానే ఉంది’ అనుకుంటే అసలు సమయం తప్పిపోయినట్టే. రోజుకు మూడు నాలుగుసార్లు చూసి, అవసరమైతే ఇన్సులిన్ ఇచ్చి 140 నుంచి 180 మధ్య ఉంచాలి. ఈ పని సరిగా జరగని చోట ఏమైందో దేశం చూసింది. 2021 జూన్ 28 నాటికి కేంద్రం లెక్కించిన బ్లాక్ ఫంగస్ కేసులు 40,845. వాళ్లలో సుమారు 64 శాతం మందికి మధుమేహం ఉంది, సుమారు 53 శాతం మంది స్టెరాయిడ్ వాడారు. మొత్తం నింద స్టెరాయిడ్ మీద వేయడం కుదరదని ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. అదుపు లేని చక్కెర, ఎక్కువ మోతాదు, అవసరం లేనివాళ్లకు వాడటం, ఇవన్నీ కలిసి ఆ ఆపదను తెచ్చాయి.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ఈ లెక్క ఇంకాస్త మారుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. కిడ్నీలు పాడైనవాళ్లకు చాలా మందుల మోతాదు తగ్గించాలి, కొన్ని ఇవ్వకూడదు. డెక్సామెథాసోన్‌కు ఆ ఇబ్బంది లేదు, మోతాదు మార్చనక్కర్లేదు. హైడ్రోకార్టిసోన్‌లా ఉప్పునూ నీటినీ ఒంట్లో పట్టి ఉంచే గుణం కూడా దీనికి దాదాపు లేదు. డయాలసిస్ రోగి ఊపిరితిత్తుల్లో ఇప్పటికే నీరు చేరే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కానీ ఇన్సులిన్ దగ్గర జాగ్రత్త కావాలి. పాడైన కిడ్నీ ఇన్సులిన్‌ను త్వరగా వదిలించుకోలేదు. స్టెరాయిడ్ ఆపిన రోజున ఇన్సులిన్ అలాగే కొనసాగిస్తే రాత్రికి చక్కెర పడిపోయి, రోగి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. స్టెరాయిడ్‌తో పాటు ఇన్సులిన్ కూడా దిగాలి.

చెప్పులు లేకుండా వరి మడుల్లో తిరిగేవాళ్ల పాదాల ద్వారా లోపలికి వెళ్లే స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు ఒకటుంది. ఏళ్ల తరబడి పేగులో చప్పుడు చేయకుండా ఉంటుంది. స్టెరాయిడ్ పడ్డాక అదుపు తప్పి ఒళ్లంతా పాకితే ప్రాణాంతకం. ఐవర్‌మెక్టిన్‌కు కోవిడ్ తగ్గించే శక్తి లేదని తేలింది గానీ, ఈ పురుగుకు మాత్రం అదే సరైన మందు. పాత క్షయ ఉన్నవాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి.

కోవిడ్‌లో పనిచేసింది కదా అని ప్రతి వైరస్ నెమ్ముకూ ఇదే మంత్రం వేయకూడదు. ఫ్లూ, అంటే స్వైన్ ఫ్లూ కూడా కలుపుకుని, ఇన్‌ఫ్లుయెంజా నెమ్ములో స్టెరాయిడ్ పొందినవాళ్లు ఎక్కువగా చనిపోయినట్టు పాత రికార్డుల పరిశీలనలు చూపించాయి. జబ్బు ముదిరినవాళ్లకే స్టెరాయిడ్ ఇచ్చి ఉంటారు కాబట్టి ఆ లెక్కల్ని పూర్తిగా నమ్మలేం, అలాగని ధైర్యంగా వాడేయనూ లేం. 2023లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో, ఐసీయూలో చేరిన తీవ్రమైన నెమ్ము రోగులకు హైడ్రోకార్టిసోన్ ఇస్తే 28 రోజుల మరణాలు 11.9 శాతం నుంచి 6.2 శాతానికి తగ్గాయి. ఫ్లూ రోగులను ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. కాబట్టి గొంతు, ముక్కు నుంచి తీసిన స్వాబ్ పరీక్ష ఏ వైరసో చెప్పడం స్టెరాయిడ్ నిర్ణయానికి ముఖ్యం. ఫ్లూ అయితే ఆ వైరస్‌ను అణిచే మందు ఓసెల్టామివిర్ ముందు, స్టెరాయిడ్ మాట ఆస్తమా లాంటి వేరే కారణం ఉంటేనే.

ఇక ఆపడం. రికవరీలో 10 రోజులు లేదా డిశ్చార్జి, ఏది ముందైతే అప్పుడు ఆపేశారు. చాలామందికి వారంతోనే అయిపోయింది. అంత తక్కువ రోజుల వాడకానికి మెల్లమెల్లగా తగ్గిస్తూ పోవాల్సిన పని సాధారణంగా ఉండదు. అయినా డిశ్చార్జి చీటీలో ‘ఇంకో పదిహేను రోజులు’ అని స్టెరాయిడ్ మాత్రలు రాయడం, అవి అయిపోయాక అదే చీటీతో షాపులో మళ్లీ కొనుక్కోవడం జరుగుతూనే ఉంది. అందుకే ఇంటికి వెళ్లేటప్పుడు కుటుంబం అడిగి రాయించుకోవాల్సింది ఒక వాక్యం: ఏ స్టెరాయిడ్, రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీన మొదలుపెట్టారు, ఏ తేదీన ఆపారు. తర్వాతి వారాల్లో బ్లాక్ ఫంగస్ గుర్తులు కనిపిస్తే, అంటే చెంప తిమ్మిరెక్కినా, ముక్కులోంచి నల్లటి చీమిడి వచ్చినా, కన్ను వాచినా ఆ చీటీతో నేరుగా ఆస్పత్రికి రావాలి. మళ్లీ జ్వరం కాసి ఊళ్లో ఎవరైనా సంచి తెరిస్తే, సూది బయటికి తీయకముందే ఆ చీటీ ఆయన చేతిలో పెట్టాలి.